గ్యాస్ లెక్క డైజెస్టర్‌కు ముందే తేలిపోతుంది: హైదరాబాద్‌లో ఒక మురుగుశుద్ధి కేంద్రం కేస్ స్టడీ

మురుగుశుద్ధి కేంద్రంలో బయోగ్యాస్ తగ్గిందంటే అందరి చూపూ ముందుగా ఇంజిన్ మీదికే పోతుంది. హైదరాబాద్‌లో మూసీకి దగ్గరగా ఉన్న ఒక కేంద్రానికి సలహాదారులుగా మమ్మల్ని పిలిచింది కూడా కొత్త గ్యాస్ ఇంజిన్ కొనాలా వద్దా అన్నది తేల్చడానికే. పని ముగిసేసరికి కొత్త ఇంజిన్ అవసరం రాలేదు. పాతదానికే సర్వీసింగ్ చేయించి నడుపుతున్నారు. మారిందల్లా డైజెస్టర్‌కు, అంటే బురదను గాలి తగలకుండా కుళ్లబెట్టి గ్యాస్ తీసే మూసిన ట్యాంకుకు, ముందున్న దారి. ఇసుక ఎక్కడ ఆగుతోంది, బురద ఎంత చిక్కగా వస్తోంది, రోజులో ఎన్నిసార్లు లోపలికి వెళుతోంది అన్నవి సరిచేసుకున్నాం. బురద నుంచి కరెంటు తీయాలనుకునే ఏ కేంద్రమైనా చూసుకోవాల్సిన క్రమం ఇదేనని నా గట్టి నమ్మకం. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. కేంద్రం పేరు, దాన్ని నడిపే సంస్థ పేరు ఇవ్వడం లేదు.

నగరం, దాని మురుగు

1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్రణాళికతో హైదరాబాద్‌లో ఆధునిక డ్రైనేజీకి పునాది పడింది. నగరం ఆ తర్వాత ఎన్నో రెట్లు పెరిగింది. చాలా చోట్ల వాననీళ్లూ మురుగూ ఒకే దారిలో కలిసిపోతున్నాయి. బురదతో పనిచేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. వానతో పాటు రోడ్ల మీది మట్టి, కట్టడాల దగ్గరి ఇసుక, సిమెంటు పొడి అన్నీ మురుగులోకి చేరతాయి.

నగరంలోని పెద్ద కేంద్రాల్లో రెండు, అంటే అంబర్‌పేటలో రోజుకు 33.9 కోట్ల లీటర్ల కేంద్రం, నాగోలులో 17.2 కోట్ల లీటర్ల కేంద్రం, యూఏఎస్‌బీ పద్ధతిలో కట్టినవి. ఈ పద్ధతిలో మురుగునీరు మొత్తం గాలి తగలని ట్యాంకులో కింది నుంచి పైకి ప్రవహిస్తుంది. అడుగున దుప్పటిలా పరుచుకున్న సూక్ష్మజీవుల బురద అందులోని మలినాన్ని మీథేన్‌గా మారుస్తుంది. 1970లలో నెదర్లాండ్స్‌లో గాట్జె లెట్టింగా బృందం దీన్ని రూపొందించింది. గాలి ఊదడానికి కరెంటు అక్కర్లేదు కాబట్టి మన లాంటి వేడి దేశాలకు ఇది నప్పుతుందని అనుకున్నారు. ఆ మాట చాలావరకు నిజమే. కానీ గ్యాస్ విషయంలో దీనికొక లోటుంది. ఇళ్ల నుంచి వచ్చే మురుగు పలచన. పుట్టిన మీథేన్‌లో పెద్ద భాగం నీటిలో కరిగి, శుద్ధయిన నీటితో పాటే బయటికి వెళ్లిపోతుంది. లీటరుకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్కేసినా కోటి లీటర్లకు రోజుకు 150 కిలోల మీథేన్ చేజారుతుంది. వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడిని పట్టి ఉంచే వాయువు ఇది. మురుగులోని సల్ఫేట్ కూడా తన వంతు తింటుంది. ఒక కిలో సల్ఫేట్ హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారేటప్పుడు, మీథేన్ కావలసిన సేంద్రియ పదార్థంలో సుమారు 0.67 కిలోల సీఓడీని (సేంద్రియ పదార్థాన్ని ఆక్సిజన్ లెక్కలో చెప్పే కొలత) వాడేసుకుంటుంది.

మేము పనిచేసిన కేంద్రం పద్ధతి వేరు. అక్కడ మురుగు ముందు ప్రైమరీ క్లారిఫయర్‌లో నిలిచి, బరువైన మలినం అడుగుకు దిగుతుంది. మిగిలిన నీటికి గాలి ఊది సూక్ష్మజీవులతో శుద్ధి చేస్తారు. అక్కడ పుట్టే అదనపు జీవపదార్థమే సెకండరీ బురద. ఈ రెండు బురదలనూ కలిపి, చిక్కబరిచి, మూసిన డైజెస్టర్‌లో 35 నుంచి 37 డిగ్రీల వేడిలో సుమారు 20 రోజులు ఉంచాలి. మురుగు అంతటికీ బదులు అందులోంచి తీసిన బురదను మాత్రమే జీర్ణం చేయడం వల్ల ట్యాంకు చిన్నదవుతుంది, నీటిలో కరిగిపోయే గ్యాస్ కూడా చాలా తక్కువ.

కోటి లీటర్లకు ఎంత రావాలి?

ఏ కేంద్రానికి వెళ్లినా మేము ముందు ఈ లెక్క వేస్తాం. రావలసింది ఎంతో తెలియనిదే, వస్తున్నది తక్కువో ఎక్కువో చెప్పలేం కదా. కేంద్రం ఎంత పెద్దదైనా పోల్చుకోవడానికి వీలుగా రోజుకు ఒక కోటి లీటర్ల మురుగును ఆధారంగా తీసుకుంటాను.

లీటరుకు 300 మిల్లీగ్రాముల తేలియాడే ఘనపదార్థం ఉంటే కోటి లీటర్లలో 3,000 కిలోలు. ప్రైమరీ క్లారిఫయర్ అందులో 60 శాతం పట్టుకుంటే 1,800 కిలోల బురద. బీఓడీ, అంటే మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, లీటరుకు 200 మిల్లీగ్రాములైతే మొత్తం 2,000 కిలోలు. ప్రైమరీలో పోయింది పోగా గాలి ట్యాంకుకు 1,300 కిలోలు చేరతాయి, అక్కడ సుమారు 900 కిలోల సెకండరీ బురద పుడుతుంది. రెండూ కలిపితే పొడి బరువులో 2,700 కిలోలు. ఇందులో మూడింట రెండొంతులు, అంటే 1,800 కిలోలు సేంద్రియ పదార్థం. మఫిల్ ఫర్నేస్‌లో 550 డిగ్రీల దగ్గర కాల్చినప్పుడు ఎగిరిపోయే భాగమే ఇది. గ్యాస్ అంతా దీన్నుంచే వస్తుంది, మిగతాది మట్టే. బాగా నడిచే డైజెస్టర్ ఈ సేంద్రియ పదార్థంలో సగానికి కాస్త తక్కువ, సుమారు 850 కిలోలను కరిగిస్తుంది. కరిగిన ప్రతి కిలోకు 0.9 ఘనపు మీటర్ల చొప్పున రోజుకు 765 ఘనపు మీటర్ల బయోగ్యాస్ రావాలి. అందులో మీథేన్ 60 నుంచి 65 శాతం ఉంటుంది. ఘనపు మీటరుకు 2 యూనిట్ల చొప్పున ఇంజిన్ నుంచి రోజుకు 1,500 యూనిట్ల కరెంటు వస్తుంది.

ఇలాంటి కేంద్రం నడవడానికి కోటి లీటర్లకు రోజూ 2,000 నుంచి 3,000 యూనిట్లు కావాలి. అంటే తనకు కావలసిన కరెంటులో సగం, ఇంకా జాగ్రత్తగా నడిపితే అంతకు మించి, తన బురద నుంచే తీసుకోవచ్చు. ఆస్ట్రియాలోని స్ట్రాస్ కేంద్రం తనకు అవసరమైన దానికంటే ఎక్కువ కరెంటు పుట్టించి పేరు తెచ్చుకుంది. అంత దూరం ఎందుకు, చెన్నైలో కొడుంగయ్యూర్, పెరుంగుడి, నేసపాక్కం లాంటి కేంద్రాలు ఏళ్ల తరబడి బురద గ్యాస్‌తో ఇంజిన్లు నడిపాయి. కాబట్టి ఇది కాగితం మీది ఆశ కాదు.

మా కేంద్రంలో గ్యాస్ మీటరు చూపిస్తున్నది ఈ లెక్కలో మూడో వంతుకు కూడా చేరలేదు. ఆ వచ్చే కొంచెం గ్యాస్‌ను కూడా, ఇంజిన్ మాటిమాటికీ ఆగిపోతోందని, ఫ్లేర్‌లో, అంటే గ్యాస్‌ను ఊరికే మండించేసే గొట్టంలో, కాల్చేస్తున్నారు.

ఇన్‌లెట్ నుంచి మొదలు

ప్రైమరీ బురద పంపు దగ్గర ఉన్న షిఫ్ట్ ఆపరేటర్‌తో మాట్లాడితే సగం సంగతి అక్కడే బయటపడింది.

"పంపు ఎంతసేపు నడుపుతారు?" అని అడిగాను.

"షిఫ్టుకు ఒకసారి, గంటసేపు సార్. మొదటి పది నిమిషాలు నల్లగా, చిక్కగా వస్తుంది. ఆ తర్వాత వచ్చేది నీళ్లే."

"మరి గంట ఎందుకు?"

"ముందున్న ఇంజినీరు గారు బోర్డు మీద గంట అని రాసి పెట్టారు సార్. అదే నడుస్తోంది."

ఆయనకు సమస్య తెలుసు. ఆయన్ని అడిగినవాళ్లే లేరు. ప్లాంటులో ఎక్కడ ఏది తేడాగా ఉందో చెవితో, ముక్కుతో గుర్తుపట్టే ఆపరేటర్లు మన కేంద్రాల్లో చాలామంది ఉన్నారు. సలహాదారులు ముందు వాళ్లతో కూర్చోవాలి, డ్రాయింగులు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఆ నీళ్ల వల్ల జరిగే నష్టం చూడండి. 2,700 కిలోల ఘనపదార్థం 5 శాతం చిక్కదనంతో వస్తే రోజుకు 54 ఘనపు మీటర్లు. 1,100 ఘనపు మీటర్ల డైజెస్టర్‌లో అది 20 రోజులు ఉంటుంది. అదే బురద 2 శాతం చిక్కదనంతో వస్తే 135 ఘనపు మీటర్లు. అప్పుడు అదే ట్యాంకులో నిలిచేది 8 రోజులే. మీథేన్ చేసే సూక్ష్మజీవులు మెల్లగా పెరుగుతాయి. అవి రెట్టింపయ్యేలోపే బయటికి కొట్టుకుపోతే ట్యాంకులో ఆమ్లాలు మిగులుతాయి కానీ గ్యాస్ పుట్టదు. మేము ల్యాబ్‌లో కొలిపించినప్పుడు బురద చిక్కదనం 2 శాతం దగ్గరే ఆడుతోంది.

వేడి లెక్క కూడా అంతే. 54 ఘనపు మీటర్ల బురదను 27 డిగ్రీల నుంచి 36 డిగ్రీలకు తేవడానికి సుమారు 565 యూనిట్లకు సమానమైన వేడి చాలు. ఇంజిన్ జాకెట్ నీటి నుంచి, పొగ గొట్టం నుంచి అంతకు మూడు రెట్లు దొరుకుతుంది. చలి దేశాల్లో 10 డిగ్రీల బురదను వేడి చేయడానికి పడే ఖర్చు మనకు లేదు. ఈ విషయంలో హైదరాబాద్ వాతావరణం మనకు పెద్ద వరం. దాన్ని నీళ్లను వేడి చేయడానికి తగలేస్తున్నాం.

తర్వాత ఇసుక. మురుగులోని ఇసుకను ముందే ఆపే గ్రిట్ ఛాంబర్ నుంచి దాన్ని పైకి తెచ్చే స్క్రూ చాలాకాలంగా పాడై ఉంది. ఛాంబర్ నిండిపోవడంతో ఇసుక నేరుగా క్లారిఫయర్‌కూ, అక్కడి నుంచి డైజెస్టర్‌కూ వెళ్లింది. వానాకాలంలో తీసిన పాత నమూనాల రికార్డు చూస్తే బురదలో సేంద్రియ భాగం సగానికి పడిపోయి ఉంది. డైజెస్టర్ అడుగున ఎంత పేరుకుందో తెలుసుకోవడానికి లిథియం క్లోరైడ్ పరీక్ష చేశాం. కొలిచిన మోతాదులో లిథియం ఉప్పును లోపలికి పంపి, బయటికి వచ్చే బురదలో అది ఎప్పుడు, ఎంత కనిపిస్తోందో రోజూ చూస్తారు. ట్యాంకు మొత్తం బాగా కలుస్తుంటే ఆ అంకెల గ్రాఫులో ఒక రకమైన వంపు వస్తుంది. ఇక్కడ లిథియం చాలా ముందే బయటపడింది. ట్యాంకులో సుమారు మూడో వంతు చచ్చుపడి ఉందని దాని అర్థం. అడుగున ఇసుక, పైన జుట్టు, గుడ్డపీలికలు, పాల ప్యాకెట్ల ముక్కలు, షాంపూ సాచెట్లు అల్లుకుపోయిన మందపాటి అట్ట. ఆ మూడో వంతు కూడా తీసేస్తే, 8 రోజులనుకున్నది 6 రోజుల లోపుకు దిగింది. గ్యాస్ ఎందుకు రావడం లేదన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి సమాధానం ఉండదు.

డైజెస్టర్ ఖాళీ చేయడం

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన దశ. ఇక్కడ తొందరపెట్టిన ప్రతి ఒక్కరికీ నేను ఒకటే చెప్పాను, లోపలికి మనిషి దిగడు. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు పేలడానికి. హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా మోసకారి. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. పది లక్షల్లో 100 వంతుల దగ్గర ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. అంతకు కొన్ని రెట్లు పెరిగితే ఒకటి రెండు ఊపిరులతోనే మనిషి కూలిపోతాడు. కాపాడడానికి దిగిన రెండో మనిషి కూడా అలాగే పోతాడు. సీవర్లలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అయినా చావులు ఆగలేదు. హరిత ఇంధనం పేరు చెప్పి ఒక కార్మికుణ్ణి పోగొట్టుకుంటే ఆ ఇంధనం మనకు అక్కర్లేదు.

బురద పంపడం ఆపి, మట్టాన్ని దించి, నైట్రోజన్‌తో గ్యాస్‌ను వెళ్లగొట్టి, పై మూతలు తెరిచి బ్లోయర్లతో గాలి ఆడించారు. బయటి నుంచే అధిక పీడన నీటి జెట్లతో ఇసుకను కదిలించి, స్లరీ పంపులతో తోడారు. ఖర్చు పెరిగింది, సమయమూ పట్టింది. నిర్వాహకులు మొదట గొణిగినా తర్వాత ఒప్పుకున్నారు. ఖాళీ చేయడం జరుగుతుండగానే గ్రిట్ స్క్రూను మార్చారు, ఇన్‌లెట్‌లో 6 మిల్లీమీటర్ల సన్న జల్లెడలు పెట్టారు. ఈ రెండూ చేయకుండా ట్యాంకు శుభ్రం చేస్తే కొన్నేళ్లకు మళ్లీ అదే పని.

పునఃప్రారంభం, పులిసిన ట్యాంకు

నడుస్తున్న మరో డైజెస్టర్ నుంచి ట్యాంకర్లలో బురద తెచ్చి విత్తనంగా వేశాం. పూర్తి మోతాదులో పదో వంతుతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున పెంచాలన్నది మా ప్రణాళిక. ఇంతలో పై నుంచి ఒత్తిడి వచ్చింది. ఎవరో పెద్దలు చూడటానికి వస్తున్నారు, అప్పటికి ఫ్లేర్ కాదు, ఇంజిన్ తిరుగుతూ కనిపించాలి అన్నారు. మేము రాతపూర్వకంగా వద్దన్నా, ఒక వారాంతంలో బురద మోతాదును ఒక్కసారిగా రెట్టింపు చేశారు.

ఆ తర్వాత జరిగింది పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే జరిగింది. డైజెస్టర్‌లో నాలుగు అంచెల పని ఉంటుంది. ముందు పెద్ద అణువులు చిన్నవిగా విడిపోతాయి. ఆ చిన్నవాటి నుంచి ఆమ్లాలు పుడతాయి. ఆ ఆమ్లాలు ఎసిటిక్ ఆమ్లంగా, హైడ్రోజన్‌గా మారతాయి. చివరి అంచెలో మీథేన్ వస్తుంది. ముందు అంచెల సూక్ష్మజీవులు వేగంగా పనిచేస్తాయి, చివరివి నిదానం. మేత ఒక్కసారిగా ఎక్కువైతే ఆమ్లం పేరుకుంటుంది. ధాన్యం ఎక్కువ మేసిన ఆవుకు కడుపు ఉబ్బినట్టే. పీహెచ్ మాత్రం వెంటనే పడదు. ట్యాంకులోని బైకార్బొనేట్ దాన్ని కొంతకాలం కాస్తుంది. అందుకే పీహెచ్ బాగుంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. మేము ఆమ్లాలకూ ఆల్కలినిటీకీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తికి) ఉన్న నిష్పత్తిని రోజూ కొలిపిస్తున్నాం. అది 0.3 లోపు ఉండాలి. సోమవారం నాటికి 0.5 దాటింది. గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, ఫ్లేర్ మంట తడబడింది.

ల్యాబ్‌లో పనిచేసే కెమిస్ట్ ఆ అంకె చూసిన వెంటనే ఫోను చేసింది. "సార్, నిష్పత్తి పెరుగుతోంది, పీహెచ్ ఇంకా 6.9 ఉంది. ఫీడ్ ఆపమని నేనే చెప్పేశాను, తర్వాత మీరు ఎవరికి చెప్పాలో చెప్పండి" అంది. ఆ ఒక్క నిర్ణయం ట్యాంకును కాపాడింది. బురద పంపడం ఆపి, కలపడం ఆపకుండా, వేడిని నిలకడగా ఉంచాం. సోడియం బైకార్బొనేట్‌ను కొద్దికొద్దిగా కలిపాం. నిష్పత్తి దిగాక మళ్లీ పదో వంతు నుంచి మొదలు. ఇలాంటి కేంద్రాల్లో ల్యాబ్ కెమిస్ట్‌కు పంపు ఆపించే అధికారం ఉండాలని అప్పటి నుంచి ప్రతి నివేదికలోనూ రాస్తున్నాను.

ఇప్పుడు బురద షిఫ్టుకు ఒకసారి కాకుండా గంటకు కొన్ని నిమిషాలే వెళుతోంది. ప్రైమరీ బురద పంపుకు టైమరుతో పాటు చిక్కదనం చూసే మీటరు పెట్టారు. పలచబడగానే పంపు ఆగిపోతుంది. సెకండరీ బురద నిలబెట్టినంత మాత్రాన తేలిగ్గా చిక్కబడదు, కాబట్టి దానికి బురదను ముద్దకట్టించే పాలిమర్ కలిపి బెల్ట్ థిక్నర్ మీద నీరు తీస్తున్నారు. రెండూ కలిశాక చిక్కదనం 4.5 శాతం దాటింది. చెప్పుకోవడానికి గొప్పగా ఏమీ అనిపించని ఈ మార్పే మొత్తం పనికి ప్రాణం.

ఇంజిన్ దగ్గర

ఇంజిన్ ఆగిపోవడానికి కారణం హైడ్రోజన్ సల్ఫైడ్. గ్యాస్‌లో అది పది లక్షల్లో వేల వంతులు ఉంటే ఇంజిన్ ఆయిల్ త్వరగా ఆమ్లమవుతుంది, బేరింగులు తినుకుపోతాయి. గ్యాస్‌లోంచి దాన్ని పట్టుకునే ఐరన్ స్పాంజ్ పెట్టెలో నింపిన పదార్థం ఎప్పుడో అరిగిపోయి ఉంది. దాన్ని మార్చడంతో పాటు ఫెర్రిక్ క్లోరైడ్‌ను బురదలోనే కలపడం మొదలుపెట్టాం. ఇనుము సల్ఫైడ్‌ను నల్లటి ఐరన్ సల్ఫైడ్‌గా బంధించి ఘనపదార్థంలోనే ఉంచేస్తుంది. సల్ఫైడ్ తగ్గాక, గ్యాస్‌ను చల్లబరిచి తేమ తీశాక, మిగిలింది సిలోక్సేన్లు. షాంపూలు, క్రీముల నుంచి మురుగులోకి వచ్చే ఈ సిలికాన్ పదార్థాలు సిలిండర్‌లో కాలి తెల్లటి ఇసుక పొరగా పేరుకుంటాయి. దానికి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టె సరిపోయింది.

హోటళ్ల గ్రీజు

గ్యాస్ నిలకడగా వచ్చాక దగ్గర్లోని హోటళ్ల గ్రీజు ట్రాపుల నుంచి జిడ్డు తెచ్చి కలుపుదామన్న ఆలోచన వచ్చింది. హైదరాబాద్‌లో దీనికి కొదవ లేదు. బిర్యానీ హోటళ్లు ఏడాది పొడవునా ఉన్నాయి, రంజాన్ నెలలో హలీం బట్టీలు తోడవుతాయి. ఆ కొవ్వు సీవర్లలో గడ్డకట్టి పొంగిపొర్లే బదులు డైజెస్టర్‌లోకి వస్తే, కిలోకు బురద కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గ్యాస్ ఇస్తుంది. అయితే మోతాదు మించితే కొవ్వు ఆమ్లాలు మీథేన్ సూక్ష్మజీవులను చుట్టేసి పని ఆపేస్తాయి, పైన నురగ లేస్తుంది. అందుకే మొత్తం సేంద్రియ భారంలో కొద్ది శాతంతో మొదలుపెట్టి, ట్యాంకరు ట్యాంకరుకూ నమూనా తీసి, వేడిచేసి, బురదతో కలిపాకే పంపుతున్నాం. ఇక్కడ నాకు కనిపించిన అసలు అడ్డంకి రవాణా. ట్యాంకరు యజమానికి దగ్గర్లోని నాలాలో పారబోయడం తేలిక, మన కేంద్రం దాకా రావడం ఖర్చు. గేటు దగ్గర రుసుము అడగకుండా, వచ్చిన ప్రతి ట్రిప్పుకూ రసీదు ఇచ్చి, ఆ రసీదు ఉంటేనే హోటల్ లైసెన్సు పునరుద్ధరణ జరిగేలా చూస్తే ఈ జిడ్డు దానంతటదే దారి మళ్లుతుంది.

ఫలితం

ఏడాది పొడవునా చూస్తే గ్యాస్ మా లెక్కకు దగ్గరగా నిలిచింది. వానాకాలంలో ఇప్పటికీ తగ్గుతుంది, తగ్గక తప్పదు. కోటి లీటర్ల లెక్కలో 1,500 యూనిట్లు, యూనిట్‌కు 7 రూపాయలు అనుకుంటే రోజుకు పదివేల రూపాయల పైచిలుకు. కానీ నిర్వాహకులు ఎక్కువగా సంతోషించింది లారీల విషయంలో. 2,700 కిలోల ఘనపదార్థం జీర్ణమయ్యాక 1,850 కిలోలకు దిగుతుంది. వేగంగా తిప్పి నీరు పిండే సెంట్రిఫ్యూజ్‌లో 20 శాతం పొడిగా వచ్చే బురద ముద్ద, అంటే కేకు, రోజుకు 13.5 టన్నులకు బదులు 9 టన్నుల పైచిలుకు. వాసన తగ్గింది, చుట్టుపక్కల కాలనీల ఫిర్యాదులు తగ్గాయి.

ఆ కేకును నేరుగా పొలానికి ఇవ్వడానికి నేను ఒప్పుకోలేదు. 36 డిగ్రీల జీర్ణక్రియ క్రిములను తగ్గిస్తుంది కానీ నులిపురుగుల గుడ్లను పూర్తిగా చంపదు. పరిశ్రమల నీరు కలిసే చోట భార లోహాలు కూడా కేకులోనే మిగులుతాయి. మూసీ దిగువన పశువులకు గడ్డి పెంచే రైతులు ఇప్పటికే చాలా భరిస్తున్నారు. ఎండలో పరిచి, తిరగేసి, పూర్తిగా ఆరబెట్టాక, ప్రతి విడతకూ లోహాల పరీక్ష చేశాకే మొక్కలకు, అదీ పచ్చి కూరగాయలు కాని వాటికే ఇవ్వాలి.

నగరానికి దీని అర్థం

హైదరాబాద్‌లో 2021లో మంజూరైన 31 కొత్త కేంద్రాల సామర్థ్యం రోజుకు సుమారు 125 కోట్ల లీటర్లు. వీటిలో ఎస్‌బీఆర్ పద్ధతిని, అంటే ఒకే ట్యాంకులో విడతలవారీగా గాలి ఊది, నిలబెట్టి, శుద్ధ జలాన్ని తీసే పద్ధతిని, ఎంచుకున్నారు. నీటి నాణ్యతకు అది మంచిదే, స్థలమూ తక్కువ పడుతుంది. కానీ ఈ పద్ధతిలో సాధారణంగా ప్రైమరీ క్లారిఫయర్ ఉండదు, బురద గాలి ట్యాంకులోనే రెండు మూడు వారాలు నలుగుతుంది. గ్యాస్ కావలసిన పదార్థంలో చాలా భాగం అక్కడే, మన కరెంటుతోనే, కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది. మిగిలిన ముసలి బురదను డైజెస్టర్‌లో వేస్తే ప్రైమరీ బురద ఇచ్చే దాంట్లో సగమో, కాస్త ఎక్కువో వస్తుంది.

అందుకని ప్రతి చిన్న కేంద్రంలోనూ డైజెస్టర్ కట్టమని నేను చెప్పను. చిక్కబరిచిన బురదను కొన్ని కేంద్రాల నుంచి ఒకచోటికి చేర్చాలి. అక్కడ 160, 170 డిగ్రీల ఆవిరి పీడనంలో అరగంట ఉడికించి కణాల గోడలు పగలగొట్టాక డైజెస్టర్‌లో వేయాలి. వాషింగ్టన్‌లోని బ్లూ ప్లెయిన్స్ కేంద్రం 2015 నుంచి ఈ పద్ధతిలోనే నడుస్తోంది. అలా ఉడికిన బురద మరింత చిక్కగా వెళ్లగలదు, క్రిములు కూడా చస్తాయి. అదే చోట మార్కెట్ల, హోటళ్ల వ్యర్థాలను కలిపితే గ్యాస్ పెరుగుతుంది. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో తార్నాకలోని ఐఐసీటీ (భారత రసాయన సాంకేతిక పరిశోధన సంస్థ) పరిజ్ఞానంతో రోజుకు 10 టన్నుల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్లు తీయవచ్చని చూపించారు కాబట్టి ఆ విద్య మన ఊరిలోనే ఉంది. గ్యాస్ ఎక్కువైన చోట శుద్ధి చేసి వాహన ఇంధనంగా అమ్మడానికి 2018లో మొదలైన సతత్ పథకం దారి చూపుతోంది. ఎంత దూరం తరలిస్తే గిట్టుబాటవుతుందన్నది డీజిల్ ఖర్చు తేలుస్తుంది. బురద 5 శాతం దగ్గరుంటే మనం మోసేది ఎక్కువగా నీళ్లే. కాబట్టి అక్కడక్కడే సెంట్రిఫ్యూజ్‌లో పిండి, కేకుగా తరలించాలి.

ఈ ప్రణాళికలో చాలామంది మరిచిపోయే లెక్క ఒకటుంది. జీర్ణమైన బురదను పిండితే వచ్చే నీటిలో అమ్మోనియా లీటరుకు వందల మిల్లీగ్రాములు ఉంటుంది. దాన్ని ఇన్‌లెట్‌కు తిప్పి పంపితే కేంద్రం మొత్తం నైట్రోజన్ భారంలో 15 నుంచి 20 శాతం అదే అవుతుంది. దాన్ని శుద్ధి చేయడానికి అదనపు గాలి, అంటే అదనపు కరెంటు కావాలి. బయటి నుంచి ఆహార వ్యర్థం తెస్తే ఈ భారం ఇంకా పెరుగుతుంది. మా కేంద్రంలో ఆ నీటిని ప్రస్తుతం రాత్రివేళ, ఇన్‌లెట్‌లో భారం తక్కువగా ఉన్నప్పుడు, కొద్దికొద్దిగా వదులుతున్నారు. అది తాత్కాలికమే. ఉమ్మడి కేంద్రానికి టెండర్ రాసేటప్పుడు గ్యాస్ ఇంజిన్ సామర్థ్యం రాసిన పేజీలోనే ఆ నీటికి విడి శుద్ధి ట్యాంకు, దానికి పట్టే కరెంటు కూడా రాయాలి. ఇంజిన్ ఇచ్చే యూనిట్లలోంచి ఆ ఖర్చు తీసేశాక మిగిలినదే గుత్తేదారు హామీ ఇవ్వాల్సిన అంకె.